నాలుగు పళ్ళ తమ్ముడి అక్క

మొన్న సోమవారం మీటింగు మధ్యలో తెలియని నంబరు నుంచి ఫోనొచ్చింది. రెండుసార్లు కట్ చేశాను. మూడోసారి విసుగ్గా ఎత్తాను.

"బోసిరాజు వాళ్ళమ్మేనా?" అంది అవతలినుంచి ఒక ఆడగొంతు.

మా వాణ్ణి ఆ పేరుతో పిలిచే మనిషి ఈ లోకంలో ఒక్కరే. మీటింగు రూములోంచి బయటికి వచ్చేశాను.

"మా అమ్మ పోయింది మేడం. వారమైంది. గుండెల నొప్పి అన్నది, దవాఖానకు తీస్కపోయేలోపల్నే పానం పోయింది. అమ్మ ఫోన్ల మీ నంబరు గిట్లనే రాసి ఉన్నది, బోసిరాజు అమ్మ అని. గురువారం పదకొండో దినం, లింగంపల్లిల మా ఇంటికాడ్నే. మీకు గూడ చెప్పాల్నని ఫోన్ జేసిన."

పోయినావిడ నల్లగండ్లలో మా వాడిని చూసుకున్న డేకేర్‌లో ఆయమ్మ. ఆమె పేరు నాకు తెలుసు, కానీ రాయను. తన పేరు ఎక్కడా రావద్దని ఒకసారి నా చేత మాట తీసుకుంది. ఆ మాటను నేను నాకు అనుకూలంగా ఎంత వాడుకున్నానో కూడా ఇందులో చెప్పక తప్పదు.

వాణ్ణి డేకేర్‌లో చేర్చింది ఎనిమిదేళ్ళ కిందట, మార్చి మొదటి వారంలో. వాడికప్పుడు పదకొండు నెలలు. బయట అప్పటికే ఎండ చుర్రుమంటోంది. లోపల ఆవిడ మెరూన్ రంగు స్వెట్టరు వేసుకుని, కొంగు చెవుల చుట్టూ చుట్టుకుని కూర్చుంది. డేకేర్ అంతా ఏసీ కదా, ఆమెకు పడేది కాదు. గంటకోసారి బాల్కనీలోకి పోయి, ఎండలోకి రెండు చేతులూ చాపి, వెచ్చబడ్డాక వచ్చి పిల్లల్ని ఎత్తుకునేది. "సల్లటి చేతుల్తోని పట్టుకుంటే పోరగాండ్లు ఉలిక్కిపడ్తరు" అనేది.

పది వేళ్ళలో తొమ్మిదింటికి గోళ్ళుండేవి, వాటికి సగం వెలిసిన గోరింటాకు ఉండేది. కుడిచేతి చూపుడు వేలికి మాత్రం గోరు మొదలంటా కత్తిరించి ఉండేది. పదకొండు గంటలకు కిచిడీ తినిపించే ముందు ఆ వేలిని సబ్బుతో కడిగి, ఒక్కో పిల్ల నోట్లో పెట్టి, చిగుళ్ళ మీద ఈ చివర నుంచి ఆ చివరకు నెమ్మదిగా తిప్పేది. తిప్పుతున్నంత సేపూ కళ్ళు మూసుకునేది. ఏ పిల్లకు ఏది మెత్తగా చెయ్యాలో ఆ వేలే చెబుతుందట. ఇంగ్లీషులో గోడ నిండా అంటించిన డైట్ చార్టును ఆమె ఎప్పుడూ చూడగా నేను చూడలేదు.

పిల్లల పేర్లు ఆమె నోటికి తిరిగేవి కావు. ఈ కాలపు పేర్లు అలా ఉన్నాయి, ఆమె తప్పు కాదు. పళ్ళను బట్టే పిలిచేది. ఒక పాపకు కింద ముందు పళ్ళు రెండూ అతుక్కుపోయి మధ్యలో సన్నటి గాడితో ఒకే పన్నుగా వచ్చాయి. ఆ పాప "జంట పన్ను పిల్ల". ఇంకో పిల్లాడికి పైన ముందు పళ్ళ మధ్యలో, ఎవరూ పిలవకుండానే, చిన్న మేకులాంటి పన్ను ఒకటి దిగింది. "వీనింటికి చుట్టమొచ్చిండు. జాగ లేకున్నా నడుమల కూసున్నడు" అని నవ్వేది. పుట్టుకతోనే పన్నున్న పాప ఒకతి ఉండేది. పాలు తాగడానికి అడ్డమని డాక్టరు తీసేశాడట. "మా ఊర్లయితే శాంతి జేపిచ్చి, ముసలోళ్ళు నెల రోజులు గుసగుసలాడేటోళ్ళు. ఈడ డాక్టర్ పీకి చెత్తబుట్టల ఏసిండు. గంతే" అంది. ఆ "గంతే"లో మెప్పు ఎంతో, అసంతృప్తి ఎంతో నాకు ఇప్పటికీ తెలియదు.

మా వాడికి పదకొండో నెలలో ఒక్క పన్నూ లేదు. తల మీద జుట్టు కూడా నూగులాగే ఉండేది. అందుకే బోసిరాజయ్యాడు. తెనాలిలో ఉన్న మా అమ్మ ఫోన్లో "పళ్ళు ఆలస్యంగా వస్తే ఆయుష్షు గట్టిదే, కంగారు పడకు" అంది. నేనేమీ కంగారు పడలేదు. పైగా నాకు వాడి గురించి ఒక గొప్ప ఉండేది. "మా వాడికి అసలు చెమటే పట్టదండీ. ఎప్పుడు ఎత్తుకున్నా పౌడరు వాసనే" అని అపార్టుమెంటులో అందరితో అనేదాన్ని. ఏసీ ఫ్లాటు నుంచి ఏసీ కారు, కారు నుంచి ఏసీ డేకేర్. పిల్లవాడికి చెమట పడుతుందో లేదో తెలుసుకునే అవకాశమే మేం వాడికి ఇవ్వలేదు.

ఏప్రిల్‌లో జ్వరాలు మొదలయ్యాయి. సాయంత్రం పూట పిల్లల్ని కింద పార్కులో ఆడించి పైకి తెచ్చేసరికి వాడి ఒళ్ళు పెనంలా కాలేది. డేకేర్ రూలు ప్రకారం జ్వరమొచ్చిన పిల్లను ఏసీ లేని చిన్నగదిలో దుప్పటి కప్పి పడుకోబెట్టి, తల్లికి ఫోన్ చేస్తారు. నేను ట్రాఫిక్‌లో ఈదుకుంటూ వచ్చేసరికి జ్వరం ఇంకా పెరిగేది. సిరప్ వేస్తే తగ్గేది కాదు. ఇంటికి తెచ్చి ఏసీ వేస్తే రెండు గంటల్లో తనంతట తానే దిగిపోయేది. రక్తపరీక్షల్లో ఏమీ లేదు. "వైరల్ అయ్యుంటుంది" అన్నారు. ఒకరోజు కళ్ళు తేలేశాడు. ఆ రోజు ఆసుపత్రి కారిడార్‌లో నేను మొక్కని దేవుడు లేడు.

నేను టెస్టర్‌ని. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడమే నాకు కూడు పెట్టే పని. జ్వరాలన్నీ ఎక్సెల్ షీట్‌లో పెట్టాను. తేదీ, వేళ, ఎంత ఉంది, ఏం తిన్నాడు, ఏ మందు వేశాం అన్నీ ఉన్నాయి అందులో. ఆ వేళకు ఏసీ నడుస్తోందా లేదా అన్న కాలమ్ ఒక్కటే లేదు.

అదే నెలాఖరున వాడికి మొదటి పన్ను వచ్చింది, పై చిగురుకు. చిక్కుడు గింజలా కాదు, పెన్సిల్ ముల్లులా మొనదేలి ఉంది. ముద్దొచ్చి ఫొటో తీసి అందరికీ పంపాను. ఆయమ్మ ఆ రోజు నోట్లో వేలు పెట్టి, మామూలుగా తిప్పకుండా, ఆ మొన మీదే ఆపి ఉంచిందట. తర్వాత రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నన్ను చూస్తే మొహం తిప్పుకునేది. నాకు కోపం కూడా వచ్చింది.

ఆమె ఎందుకు తప్పించుకుందో ఆ తర్వాత తెలిసింది. అంతకు ముందు నెల ఒక పాపకు పై పళ్ళు ముందొచ్చాయని, "మీ అన్నకు జర చెప్పుండ్రి, మేనమామకు మంచిది కాదంటరు" అని ఆ తల్లితో అంది. ఆ తల్లి డేకేర్ నడిపే మేడంకు పెద్ద మెయిల్ పెట్టింది. పిల్లల ఒంటి గురించి తల్లిదండ్రులతో మరోసారి నోరెత్తితే ఉద్యోగం ఉండదని మేడం తేల్చి చెప్పింది. పిల్లల నోట్లో వేలు పెట్టడం కూడా మానేయమంది. వేలు మాత్రం ఆమె మానలేదు.

మూడో రోజు, వాణ్ణి ఎత్తుకుని లిఫ్ట్ ఎక్కుతుంటే, నేను బ్యాగ్ మర్చిపోయానన్న నెపంతో నా వెనకే ఎక్కింది. డేకేర్ దాటేదాకా "మేడం, మేడం" అన్న మనిషి, సెల్లార్‌లో కార్ల మధ్యకు రాగానే "బిడ్డా" అంది.

"బిడ్డా, కారు ఇప్పుడే చాలు జెయ్యకు. ఓ పది నిమిషాలు ఈడ్నే నిలవడదాం."

"ఎందుకు ఆయమ్మా? ఇక్కడ ఉక్కపోతగా ఉందండీ."

"గందుకే."

సెల్లార్‌లో గాలి లేదు. ఆమె స్వెట్టర్ విప్పలేదు. నేను వాణ్ణి చంకనేసుకుని, ఈవిడకు ఏమైందా అని చూస్తూ నిలబడ్డాను. ఐదు నిమిషాలకు నా వీపు తడిసింది. ఆమె నుదుటి మీద నుంచి చెమట కారి కనుబొమ్మల దగ్గర ఆగింది. అప్పుడు నా చెయ్యి పట్టుకుని ముందు నా మెడ మీద పెట్టింది, తర్వాత తన మెడ మీద, ఆ తర్వాత వాడి వీపు మీద. వాడి వీపు పొడిగా ఉంది. పొడిగా, ఎండలో ఆరేసిన కాగితంలా, వేడిగా.

"ముగ్గురం నిలవడ్డం. చెమట ఇద్దరికే వచ్చింది. వీనికి రాదు బిడ్డా. లోపల ఉడుకు బయటకు పోయే తొవ్వ లేదు. గది జ్వరం గాదు."

పదేళ్ళుగా నేను చేస్తున్న పని అదే. ఒక్కటి తప్ప అన్నీ సమానంగా ఉంచి, ఆ ఒక్కటి ఎలా మారుతుందో చూడడం. దాన్ని ఆవిడ, ఒక స్వెట్టరూ ఒక సెల్లారూ పెట్టుకుని, నా కళ్ళ ముందు చేసి చూపించింది.

"మీకెలా తెలిసిందండీ?"

ఆమె పై పెదవిని వేలితో పైకెత్తింది. ముందు పళ్ళ పక్కన ఒకటి మొనదేలిన పన్ను. అటు పక్క అసలు పన్నే లేదు.

"మా తమ్ముడు గిట్లనే పుట్టిండు. మొత్తం నాలుగే పళ్ళు వచ్చినయ్, గివే మొనల పళ్ళు. నెత్తి మీద ఎంటికలు గూడ పల్చగ. ఎండల పన్జెయ్యమంటే పోయి బాయిల దుంకేటోడు. మా అయ్య పనిదొంగ అని కొట్టేటోడు. నేను తువ్వాల తడిపి వాని మీద కప్పేదాన్ని. నీళ్ళుంటే వానికేం గాదు. ఇప్పుడు ఐస్ ఫ్యాక్టరీల పన్జేస్తుండు. ఎండకాలం అందరు ఇంటికి పోతమంటే వీడు పోనంటడు." నవ్వింది. "ఒక్క కడుపుల పుట్టినం. నాకు చలి పడదు, వానికి ఎండ పడదు."

తర్వాత నా నోటి వైపు చూసింది.

"నీ పళ్ళు నీయేనా?"

పేరెంట్స్ డే కోసం డేకేర్ గోడ మీద అందరి చిన్ననాటి ఫొటోలు పెట్టారు, ఎవరు ఎవరో కనిపెట్టాలని. ఎనిమిదేళ్ళ వయసులో నోరంతా తెరిచి నవ్విన నా ఫొటో అందులో ఉంది. ముందు పళ్ళ పక్కన చెరో వైపు రెండు మొనలు. ఉద్యోగం రాగానే వాటి మీద క్యాపులు వేయించుకున్నాను. మా ఆయనకు కూడా తెలియదు. ఆ ఫొటో దగ్గర ఆమె రెండు రోజులు నిలబడిందట.

"నీకు మా ఇంటి పన్నే ఉన్నది" అంది. ఆ మాటలో నింద లేదు. చుట్టరికం కలుపుతున్నట్టు అంది.

వెళ్ళిపోతూ వెనక్కి తిరిగింది. "నేను చెప్పిన్నని ఎక్కడ చెప్పకు బిడ్డా. నా పేరు రావొద్దు. ఈ పని పోతే మల్ల దొరకదు." ఒట్టేశాను.

మర్నాడు పిల్లల పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాం. మా ఆయన దారంతా గొణిగాడు. "జ్వరానికి పళ్ళ డాక్టరేమిటి? కందకు లేని దురద కత్తిపీటకెందుకు? వాడికి లేని పళ్ళ బాధ మనకెందుకు?" నిజమే, పంటికీ చెమటకూ ఏం సంబంధం? ఆ డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. కడుపులో బిడ్డ తయారయ్యేటప్పుడు పైనున్న ఒకే పొర నుంచి పళ్ళూ, వెంట్రుకలూ, చెమట గ్రంథులూ అన్నీ వస్తాయట. ఆ పొరకు ఆజ్ఞ సరిగా అందకపోతే మూడింటికీ దెబ్బే. పన్ను కంటికి కనిపిస్తుంది, చెమట గ్రంథి కనిపించదు. తల్లి నుంచి కొడుక్కి వస్తుందట, తల్లికి చిన్న గుర్తు మాత్రం మిగిల్చి. పరీక్షలన్నీ చేయించాక అదేనని తేలింది. దీనికి మందు లేదు, జాగ్రత్తే మందు. వాడి చొక్కా తడిగా ఉండాలి, ఎండలోకి పంపకూడదు, ఒళ్ళు కాలితే దుప్పటి కాదు, నీళ్ళు. నాలుగేళ్ళు రాగానే పళ్ళసెట్టు పెట్టొచ్చు.

"ఇంత తొందరగా పట్టుకోవడం చాలా అరుదు. ఎవరు గమనించారు?" అని అడిగింది డాక్టరమ్మ.

"నేనే" అన్నాను.

మొదటిసారి అది ఇచ్చిన మాట నిలబెట్టుకోవడమే. తర్వాత తర్వాత అది వేరే అయింది. ఆఫీసులో "టెస్టర్ కదా, కొడుకులో బగ్ కూడా పట్టేసింది" అన్నారు. నవ్వాను. మా అత్తగారు నలుగురిలో నన్ను పొగిడింది. కాదనలేదు. డేకేర్ మేడం అందరు తల్లులకూ నన్ను చూపించి, గమనించడం అంటే ఇలా ఉండాలంది. ఆ సభలో గోడ పక్కన స్వెట్టర్‌లో ఆయమ్మ నిలబడి ఉంది. అందరితో పాటు చప్పట్లు కొట్టింది. ఆ మెప్పూ నేనే తీసుకున్నాను. ఆమె ఉద్యోగం కోసమే ఊరుకున్నానని నాకు నేనే చెప్పుకున్నాను.

వాడు స్కూలుకు మారాక కూడా లింగంపల్లి కూరగాయల మార్కెట్‌లో ఆమె కనిపించేది. కనిపించినప్పుడల్లా ముందు వాడి నోరు చూసేది, తర్వాతే నన్ను పలకరించేది. "పేరు ఇంట్ల ఒకటుంటది, బడిల ఒకటుంటది. నోరు మాత్రం ఒక్కటే" అనేది. వాడు మాత్రం పెద్దవుతున్న కొద్దీ నోరు తెరవడం మానేశాడు. స్కూల్లో ఎవరో "తాతా" అన్నారు. అప్పటి నుంచి పళ్ళసెట్టు లేకుండా మా ఆయనకు కూడా కనిపించడు. బాత్‌రూమ్ తలుపు వేసుకుని కడుక్కుంటాడు. నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు. ఒకరోజు అడిగాడు, "నాలాంటోళ్ళు ఇంకెవరైనా ఉన్నారా అమ్మా?" అని. నెట్‌లో ఫొటోలు చూపించాను. చూసి, "వీళ్ళు ఫోన్లో ఉన్నారు. నిజంగా ఉన్నారా అని అడిగా" అన్నాడు.

ఆ మాట ఆయమ్మకు చెబితే మార్కెట్ మధ్యలో బుట్ట కింద పెట్టేసింది. "మా తమ్ముణ్ణి జూపిస్త. పిలగాన్ని తీస్కరా. ఫోన్ల బొమ్మలెందుకు, నిండు మనిషి ఉన్నడు గద." సరేనన్నాను. ఆఫీసులో ఈ రిలీజ్ అయిపోనీ అన్నాను. స్కూలు సెలవులు రానీ అన్నాను. సెలవులొచ్చాక ఎండలు తగ్గనీ అన్నాను. మూడేళ్ళు గడిచాయి. అసలు సంగతి వేరే. అక్కడికి వెళితే కనిపెట్టింది ఎవరో మా వాడికీ, మా ఆయనకూ చెప్పాల్సి వస్తుంది.

గురువారం వాణ్ణి స్కూలు మానిపించి తీసుకెళ్ళాను. మా ఆయన కూడా వచ్చాడు. ఇంటి ముందు సందులో షామియానా వేశారు. డేకేర్ ఐడీ కార్డులోని ఫొటోను పెద్దది చేయించి దండ వేశారు. అందులోనూ స్వెట్టరే. పక్కన ఏప్రిల్ ఎండ మండిపోతోంటే ఆమె ఒక్కతే చలికి ముడుచుకున్నట్టు ఉంది. ఏడుపు ఆగలేదు.

ఫొటో ముందు నిలబడి, మా ఆయన వింటుండగా, కూతురితో అన్నాను, "మా వాడి జబ్బు కనిపెట్టింది మీ అమ్మేనమ్మా. నేను కాదు."

ఆ పిల్ల వింతగా చూసింది. "అమ్మ గట్ల చెప్పలే మేడం. బోసిరాజు వాళ్ళమ్మ మస్తు హుషారు, ఒక్కపారి జూపిస్తే సమజైంది అన్నది."

సిగ్గుతో తల దించుకున్నాను. మా ఆయన దండకు రెండు పూలు కలిపి, చేతులు జోడించి చాలాసేపు నిలబడ్డాడు.

వెనక్కి తిరిగితే మా వాడు లేడు. షామియానా చివర పెద్ద కూలర్ ముందు ఒక ముసలాయన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నెత్తి మీద తడి తువ్వాల, చొక్కా మొత్తం తడిసి ఉంది. బుగ్గలు లోపలికి పోయాయి, కనుబొమ్మలు లేవు. మా వాడు చేతిలో నీళ్ళ స్ప్రే సీసాతో, తన తడి టోపీతో, ఆయనకు నాలుగడుగుల దూరంలో బిగుసుకుని నిలబడి ఆయన్నే చూస్తున్నాడు. ఆయన కుర్చీ పక్కకు జరుపుకుని కూలర్ గాలిలో సగం జాగా ఇచ్చాడు.

"నువ్వేనా బోసిరాజువి?"

మా వాడు పెదవులు గట్టిగా మూసుకుని తలాడించాడు.

"నేను గూడ బోసిరాజునే. నీకంటే ముందుగాల్నే. జూస్తవా?"

నోరు తెరిచాడు. పైన రెండు, కింద రెండు, అరిగిపోయిన మొనలు. మా వాడు ఒక అడుగు వేశాడు. ఇంకో అడుగు వేశాడు. తర్వాత చూపుడు వేలు చాపాడు.

"ఆగు, ఏలు కడుక్కో. మా అక్క కడుగంది పెట్టేది కాదు" అన్నాడాయన.

వాడు స్ప్రే సీసాతో వేలు తడిపి, చొక్కాకు తుడుచుకుని, ఆయన నోట్లో పెట్టి ఒక్కోటీ తాకి లెక్కపెట్టాడు. "నాలుగు" అన్నాడు పైకి. "వీటితో ఎముకలు కొరుకుతావా తాతా?"

"నల్లీ బొక్క గూడ. మల్ల నీకెన్ని?"

మా వాడు నా వైపు చూశాడు. షామియానా నిండా జనం ఉన్నారు. పరుగున వచ్చి, నోట్లోంచి పళ్ళసెట్టు తీసి నా చేతిలో పెట్టి, పరుగున వెనక్కి వెళ్ళి ఆయన ముందు నోరంతా తెరిచాడు.

ఆయన వంగి, ఒక కన్ను మూసి, తీరిగ్గా లెక్కపెట్టాడు. "ఆరా! నాకన్న రెండు ఎక్కువనే ఉన్నయ్ గద రా. నువ్వు సేటువి!"

వాడు నవ్వాడు, చెయ్యి అడ్డం పెట్టుకోకుండా. మనవళ్ళో ఎవరో ఇద్దరు పిల్లలు వచ్చి మేమూ చూస్తామన్నారు. వాళ్ళకూ చూపించాడు.

పళ్ళసెట్టు నా అరచేతిలో తడిగా ఉంది. ఇల్లు చేరేదాకా వాడు దాన్ని అడగలేదు.